కొత్త బైక్‌కి వారంటీలో ఫ్రేమ్ మార్పిడి: ఒప్పుకోవచ్చా?

“ఫ్రేమ్ ఫ్రీగా మార్చేస్తాం సార్, మీకు రూపాయి ఖర్చుండదు” అని సర్వీస్ అడ్వైజర్ అనగానే తలూపేయకండి. అలాగని అక్కడే గొడవకీ దిగకండి. కంపెనీ నుంచి వచ్చే ఫ్రేమ్ గురించి పెద్దగా భయపడాల్సింది లేదు. అదీ ఫ్యాక్టరీలో జిగ్ (పైపుల్ని కదలకుండా పట్టి ఉంచే అచ్చు) మీద తయారైందే. తేడా కొట్టేది రెండు చోట్ల. ఒకటి బండిని మొత్తం విప్పి మళ్లీ బిగించే చేతుల్లో, రెండోది ఆర్టీఏ కాగితాల్లో. రిజిస్ట్రేషన్ అయిపోయిన బండి, మెయిన్ ఫ్రేమ్‌లో నిజంగానే పగులు, కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకుంది. ఈ మూడూ కలిస్తే తీసుకోదగ్గ సర్వీసే. బండి ఇంకా టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్) నంబరు మీద తిరుగుతుంటే మాత్రం ఫ్రేమ్ మాట ఎత్తనివ్వకండి, బండే మార్చమనండి. పర్మనెంట్ నంబరు పడకముందు ఇన్‌వాయిస్, సేల్ సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ తిరగరాయడం షోరూం వాళ్లకి మహా అయితే చిరాకు. నంబరు పడ్డాక మీకూ వాళ్లకీ ఇద్దరికీ తలనొప్పే.

ముందు తేల్చుకోవాల్సింది, అసలు తప్పు ఫ్రేమ్‌దేనా అని. బండి ఒక పక్కకి లాగుతోందన్నంత మాత్రాన ఫ్రేమ్ వంకర అనుకోనక్కర్లేదు. వెనక చక్రం చైన్ అడ్జస్టర్ల దగ్గర అటూఇటూ అయినా, ముందు ఫోర్క్ పైపులు టీలో (వాటిని పట్టి ఉంచే క్లాంపులో) మెలితిరిగి బిగిసినా, టైరు రిమ్ మీద సరిగ్గా కూర్చోకపోయినా అదే లక్షణం. ఇవన్నీ చూడకుండా ఫ్రేమ్ మార్చేస్తే కొత్త ఫ్రేమ్‌తో కూడా పక్కకే లాగుతుంది. వెల్డింగ్ అంచున కాస్త తుప్పు పట్టిందని ఫ్రేమ్ మార్చమని పట్టుబట్టడం కూడా తెలివైన పని కాదు. గీకి, ప్రైమర్ వేసి, రంగు కొట్టించుకుంటే పోయేదానికి బండి మొత్తం విప్పించుకోవడం ఎందుకు?

పగులు అనుమానం ఉంటే కంటితో చూసి తేల్చొద్దు. పౌడర్ కోటింగ్ గట్టిగా, పెళుసుగా ఉంటుంది కాబట్టి లోపల లోహం బాగానే ఉన్నా పైపూత చీలొచ్చు. డై పెనెట్రెంట్ పరీక్ష చేయమని అడగండి. స్ప్రే డబ్బాలు మూడు: క్లీనర్, ఎర్ర రంగు, తెల్ల డెవలపర్. అనుమానం ఉన్న చోట రంగు పూర్తిగా తీసేసి, క్లీనర్‌తో తుడిచి, ఎర్రది కొట్టి 10 నుంచి 20 నిమిషాలు వదిలేయాలి. ఆ తర్వాత క్లీనర్‌ని గుడ్డకి పట్టించి తుడవాలి గానీ నేరుగా ఫ్రేమ్ మీద కొట్టకూడదు, కొడితే పగుల్లో దిగిన ఎర్ర రంగు కూడా కడుక్కుపోతుంది. పైన తెల్లది పల్చగా కొడితే, పగులుంటే కొద్ది నిమిషాల్లో సన్నని ఎర్ర గీత పైకి తేలుతుంది. ఆ గీత ఫొటో, పక్కన ఛాసిస్ నంబరు, మీటర్లో కిలోమీటర్లు, ఈ మూడూ కనబడేలా తీసి పెట్టుకోండి. రేపు ఏ వాదనకైనా అదే ఆధారం.

పగులు ఎక్కడుందన్నదాన్ని బట్టి కూడా లెక్క మారుతుంది. సీటు కింద ఉండే వెనక భాగం కొన్ని బండ్లకి బోల్టులతో విడిగా వస్తుంది. 2017 నుంచి వచ్చిన కేటీఎం 390 డ్యూక్ అలాంటిదే. అక్కడ పగిలితే ఆ సబ్‌ఫ్రేమ్ ఒక్కటే మారుతుంది, ఛాసిస్ నంబరు మెయిన్ ఫ్రేమ్ మీదే ఉండిపోతుంది, కాగితాల గొడవే లేదు. కళ్లు మూసుకుని ఒప్పుకోవచ్చు. సైడ్ స్టాండ్ లగ్ లాంటి చిన్న చోట్ల కంపెనీ ఇంజనీరు దగ్గరుండి వెల్డింగ్ చేయించినా సరిపోతుంది. హెడ్ పైపు (హ్యాండిల్ తిరిగే గొట్టం), స్వింగ్ ఆర్మ్ పైవట్ (వెనక చక్రాన్ని పట్టే చేయి ఫ్రేమ్‌కి బిగిసే చోటు), వెనక షాకబ్జర్ పై మౌంటు, ఈ మూడు చోట్ల మాత్రం వెల్డింగ్ మాట వినొద్దు. బ్రేక్ పట్టినప్పుడు, గుంతలో పడినప్పుడు బరువంతా అక్కడే దిగుతుంది. వెల్డింగ్ వేడికి అతుకు పక్కన ఉన్న పైపు గుణం మారుతుంది, జిగ్ లేకుండా వెల్డ్ చేస్తే చల్లారేటప్పుడు లాక్కుపోయి అలైన్‌మెంట్ తప్పుతుంది. అల్యూమినియం ఫ్రేమ్ అయితే హీట్ ట్రీట్‌మెంట్‌తో వచ్చిన బలం వెల్డింగ్ చుట్టుపక్కల పోతుంది.

చాలామంది అడగడం మర్చిపోయే ప్రశ్న ఒకటుంది: కొత్తగా వచ్చే ఫ్రేమ్ పార్ట్ నంబరు పాతదేనా, మారిందా? ఒక్క బండిలో వెల్డర్ చెయ్యి తప్పి పగిలిందంటే అదే నంబరు ఫ్రేమ్ వచ్చినా పర్లేదు. అదే మోడల్లో అదే చోట మరికొన్ని బండ్లు పగిలాయంటే లోపం డిజైన్‌లో ఉన్నట్టు. అప్పుడు పాత నంబరు ఫ్రేమ్ వేయించుకోవడమంటే అదే పగులుకి మళ్లీ ఎదురుచూడటం. గసెట్ (అతుకు దగ్గర బలానికి వేసే రేకు ముక్క) పెంచో, పైపు మందం మార్చో ఉంటే మామూలుగా పార్ట్ నంబరు చివర కూడా మారుతుంది. రీకాల్ ఉందేమో కూడా అడగండి. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 110ఏ ప్రకారం లోపమున్న వాహనాలను వెనక్కి పిలిపించమని కంపెనీని ఆదేశించే అధికారం కేంద్రానికి ఉంది.

ఇక అసలు చిక్కుముడి, ఛాసిస్ నంబరు. మామూలుగా హెడ్ పైపు మీద గుద్ది ఉండే 17 అక్షరాల ఆ నంబరే చట్టం దృష్టిలో మీ బండి. ఫ్రేమ్ మారిందంటే ఆ నంబరున్న ఇనుము వెళ్లిపోయినట్టే. దీనికి దారులు రెండు. నంబరు లేని ఖాళీ ఫ్రేమ్ తెప్పించి దాని మీద పాత నంబరే గుద్దడం ఒకటి, కొత్త నంబరుతో వచ్చిన ఫ్రేమ్ వేసి ఆర్సీలో మార్పించడం ఇంకొకటి. ఏ దారైనా రిజిస్టరింగ్ అథారిటీ నుంచి రాతపూర్వక అనుమతి వచ్చాకే పాత ఫ్రేమ్ మీద స్పానర్ పడాలి. “ముందు బండి రెడీ చేసేద్దాం, ఆర్టీఏ పని మేం చూసుకుంటాం” అంటే ఒప్పుకోకండి. బండి చేతికొచ్చాక మీ ఫైలు వెనకాల తిరిగేవాళ్లెవరూ ఉండరు. ఆర్సీలో రాసిన వివరాలకీ కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదన్నది మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 సారాంశం. మార్పు చేసిన 14 రోజుల్లోగా ఆర్సీతో సహా తెలియజేయాలని కూడా అందులోనే ఉంది.

రెండింట్లో పాత నంబరే కొనసాగే దారి మీకు తేలిక. ఆర్సీ, ఇన్సూరెన్స్, లోన్ కాగితాలు, హై సెక్యూరిటీ నంబర్ ప్లేటు రికార్డు ఏదీ కదలదు. కానీ గుద్దడం కంపెనీ పద్ధతిలో జరగాలి. సుత్తితో ఒక్కో అక్షరం కొడితే వరుస వంకర పోతుంది, లోతు ఒకలా ఉండదు. తనిఖీలో చూసిన పోలీసుకి, రేపు బండి కొనేవాడికి అది దొంగ బండిలాగే కనిపిస్తుంది. పాత ఫ్రేమ్ విప్పకముందు నంబరు మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీసుకోండి. ఆర్టీఏలో తీసేది కూడా ఇలాగే. కొత్తది గుద్దాక ఇంకో ప్రింట్ తీసి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, ఒక్క అంకె తేడా ఉన్నా బండి తీసుకోవద్దు. ఆర్టీఏ అనుమతి కాపీ, కంపెనీ లెటర్‌హెడ్ మీద ఫ్రేమ్ ఎందుకు మార్చారో రాసిన ఉత్తరం, జాబ్ కార్డు, ఈ మూడూ ఆర్సీతో పాటే జీవితాంతం ఉండాలి.

కొత్త నంబరు వేసే పక్షంలో పని పెరుగుతుంది. ఆర్సీ మారాలి, దానితో ఇన్సూరెన్స్ ఎండార్స్‌మెంట్ (పాలసీలో మార్పు నమోదు) కావాలి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త టూ వీలర్‌కి ఐదేళ్ల థర్డ్ పార్టీ పాలసీ తప్పనిసరి అయింది కాబట్టి సొంత డ్యామేజీ కవర్‌లోనే కాదు, ఆ ఐదేళ్ల భాగంలో కూడా నంబరు మారిందో లేదో చూసుకోవాలి. ఒకదాంట్లో పాత నంబరు ఉండిపోతే క్లెయిమ్ రోజున అదే సాకు అవుతుంది. లోన్ మీద కొన్న బండైతే ఫైనాన్స్ వాళ్లకి ముందే రాతపూర్వకంగా చెప్పాలి, ఎందుకంటే వాళ్ల దగ్గర తాకట్టులో ఉన్నది ఆ పాత నంబరు బండి. ఈ ఫీజులన్నీ కంపెనీయే కట్టాలని మొదటి ఉత్తరంలోనే రాయించుకోండి. పాత ఫ్రేమ్‌లో నంబరున్న ముక్కని ఏం చేశారో కూడా కాగితం మీద ఉండాలి. ఆ ముక్క బయటికి పోతే మీ నంబరుతో ఇంకో బండి తిరిగే ప్రమాదం ఉంది.

బిగింపు సంగతి. ఫ్రేమ్ మార్చడమంటే ట్యాంకు, సీటు, వైరింగ్ కిట్, సైలెన్సర్, ఇంజను, స్వింగ్ ఆర్మ్, ఫోర్కులు అన్నీ కిందికి దిగాలి. చెయ్యి తిరిగిన మెకానిక్, ఒక హెల్పర్ ఉంటే తొందరపడకుండా రెండు రోజుల పని. ఒక్క రోజులో ఇచ్చేస్తామంటే కంగారు పడండి. కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు), నైలాక్ నట్లు (వదులవకుండా లోపల నైలాన్ ఉండేవి), ఫ్యూయల్ పంపు ఓ రింగు, రబ్బరు గ్రామెట్లు, కేబుల్ క్లిప్పులు కొత్తవి వేయాలి. ఫ్రేమ్‌తో పాటు వీటిని కూడా క్లెయిమ్‌లో చేర్చకపోతే వర్క్‌షాప్ పాతవే బిగించేస్తుంది. వాళ్ల తప్పు కూడా కాదు, క్లెయిమ్‌లో లేని నట్టుకి డబ్బులెవరిస్తారు?

తప్పులు ఎక్కడ జరుగుతాయో చెప్పొచ్చు. కొత్త ఫ్రేమ్ మీద పౌడర్ కోటింగ్ మందంగా ఉంటుంది, ఎర్త్ పాయింట్ దగ్గర అది గీకకుండా వైరు బిగిస్తే లైటు మసకబారుతుంది, మీటర్ రీసెట్ అవుతుంది, ఒక్కోసారి సెల్ఫ్ తిరగదు. వైరింగ్ కిట్‌ని హెడ్ పైపు పక్కన సరిగ్గా తిప్పకపోతే హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడల్లా నలిగి కొన్నాళ్లకి తెగుతుంది. బండి పడిపోతే ఇంజను ఆపే సెన్సర్ ఉన్న మోడళ్లలో దాన్ని తలకిందులుగా బిగిస్తే ఇంజను స్టార్టే అవ్వదు. ఇంజను మౌంటు బోల్టులు ముందు అన్నీ వదులుగా పట్టించి, తర్వాత మాన్యువల్ వరసలో టార్క్ రెంచ్‌తో బిగించాలి. ఒక్కోటి పూర్తిగా బిగించుకుంటూ పోతే ఇంజను ఒత్తిడిలో ఇరుక్కుని వైబ్రేషన్ వస్తుంది. హోండా షైన్ లాంటి డైమండ్ ఫ్రేమ్ బండ్లలో ఇంజను కింద ఫ్రేమ్ పైపు ఉండదు, ఇంజనే ఫ్రేమ్‌లో భాగంగా బరువు మోస్తుంది, కాబట్టి అక్కడ ఇది మరీ ముఖ్యం. ఏబీఎస్ ఉంటే బ్రేక్ పైపులు విప్పారో లేదో అడగండి. విప్పితే మాన్యువల్లో చెప్పిన కొత్త ఫ్లూయిడ్ పోసి, గాలి పూర్తిగా తీయాలి. కొన్ని మోడళ్లకి స్కాన్ టూల్ లేకుండా అది కుదరదు.

బేరం విషయానికొస్తే, మీ బలం ఎంతో తెలిసి మాట్లాడాలి. 2006లో మారుతి ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు, వారంటీ ప్రకారం కంపెనీ బాధ్యత లోపమున్న భాగాన్ని బాగుచేయడం లేదా మార్చడమే, బండి మొత్తం మార్చడం కాదు అంది. కాబట్టి ఫ్రేమ్ ఇస్తామంటున్న కంపెనీ మీద “కొత్త బండే కావాలి” అని కేసు వేస్తే నెగ్గడం తేలిక కాదు. మార్చిన ఫ్రేమ్ కూడా పగిలితే, లేదా నెలల తరబడి ఫ్రేమే రాకపోతే అప్పుడు వాదన బలపడుతుంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా కమిషన్‌లో వేయొచ్చు. బండి విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. అంతకంటే ముందు 1915 హెల్ప్‌లైన్‌లో నమోదు చేయడం మంచిది. డబ్బు పరిహారం కంటే ఎక్స్‌టెండెడ్ వారంటీ రాబట్టడం సులువు, మీకు ఉపయోగం కూడా అదే ఎక్కువ. మార్చిన భాగానికి వారంటీ మామూలుగా బండి వారంటీ ముగిసే రోజుతోనే ముగుస్తుంది. ఫ్రేమ్ వరకైనా బిగించిన తేదీ నుంచి కొత్తగా లెక్కపెట్టమని అడగండి.

డెలివరీ రోజున ముందు చక్రం నేలకి తగలకుండా బండిని లేపించి, హ్యాండిల్‌ని మధ్యలోంచి వేలితో తోయండి. రెండు పక్కలకీ తనంతట తనే వాలాలి, మధ్యలో గంటు తగలకూడదు, ఫోర్కులు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపితే టక్కుమనకూడదు. తర్వాత న్యూట్రల్‌లో ఇంజను ఆన్‌లో ఉంచి హ్యాండిల్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పండి. ఆర్పీఎం పెరిగితే యాక్సిలరేటర్ కేబుల్ తప్పు దారిలో ఉంది, ఇంజను ఆగితే వైరింగ్ నలుగుతోంది. రెండు చక్రాల పక్కన దారం పట్టి వరస చూడమనండి, స్వింగ్ ఆర్మ్ మీద గీతల్ని మాత్రమే నమ్మొద్దు. కోన్ సెట్ కొత్తది కాబట్టి కూర్చుని వదులవుతుంది. 500 కిలోమీటర్లకి దాన్నీ మౌంటు బోల్టులనీ ఉచితంగా మళ్లీ చెక్ చేస్తామని జాబ్ కార్డు మీద రాయించుకున్నాకే సంతకం పెట్టండి.