కోహిమాలో పెద్దతాత పేరు చూశాం, మీరు మాత్రం ఏజెంట్లకి రూపాయి ఇవ్వకండి

మీ ఇంట్లో ఎవరైనా రెండో ప్రపంచ యుద్ధంలో పోయి ఉంటే, వాళ్ల మిలిటరీ రికార్డులు తీయిస్తామని చెప్పే ఏజెంట్ల దగ్గరికి వెళ్లకండి. మా దగ్గర ఒకతను 12,500 తీసుకుని, నెలల తరబడి తిప్పి, చివరికి బంగారు రంగు అంచున్న ఒక కాగితం చేతిలో పెట్టాడు. తీరా చూస్తే అది కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ (రెండు ప్రపంచ యుద్ధాల్లో బ్రిటిష్ వాళ్ల తరఫున పోరాడి పోయినవాళ్ల సమాధులు, పేర్లు చూసుకునే సంస్థ) వెబ్‌సైట్లో ఎవరైనా ఉచితంగా దించుకునే సర్టిఫికెట్! అడిగితే "ఢిల్లీలో ఖర్చులుంటాయి సార్" అన్నాడు. నాన్న ఆ రాత్రి అన్నం ముట్టలేదు. డబ్బు పోతే పోయింది, చచ్చిపోయినవాడి పేరు చెప్పి కూడా తింటారా అని ఒకటే బాధ.

మీరే ఆ సైట్లో వెతుక్కోవచ్చు. మాకు శ్రీకాకుళం అని కొడితే ఏమీ రాలేదు, అప్పటికి ఆ జిల్లా ఎక్కడిది, 1950లో కదా ఏర్పడింది. పాత ఇంగ్లీషు పద్ధతిలో వైజాగపటం (Vizagapatam), చికాకోల్ (Chicacole) అని కొట్టి చూడండి. ఇంటిపేరు రాయనివాళ్లు చాలామంది, కాబట్టి అప్పలస్వామి లాంటి పేరుని ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయొచ్చో అన్ని రకాలుగానూ వెతకాలి. మా పెద్దతాత, అంటే నాన్నకి పెదనాన్న, ఇండియన్ పయనీర్ కోర్‌లో పనిచేశారు. రోడ్లు వేయడం, సరుకు దించడం వాళ్ల పని. ఇంట్లో మిగిలిన బర్మా స్టార్ మెడల్ (బర్మా వైపు యుద్ధంలో పనిచేసినవాళ్లకి ఇచ్చింది) వెనక చెక్కిన నంబరూ, సైట్లో ఉన్న నంబరూ ఒకటే అయ్యేసరికి ఇక అనుమానం లేకపోయింది. ఒక్క మాట, ఆ సైట్లో చనిపోయినవాళ్లే ఉంటారు. తిరిగొచ్చినవాళ్ల కోసమైతే మెడల్ మీద నంబరు, యూనిట్ చూసి ఆ రెజిమెంట్ రికార్డ్స్ ఆఫీసుకి ఉత్తరం రాయాలి: మద్రాస్ రెజిమెంట్‌కి నీలగిరుల్లోని వెల్లింగ్టన్, మద్రాస్ సాపర్స్‌కి (సైన్యంలో ఇంజనీరింగ్ పనులు చేసే దళం) బెంగళూరు.

పెద్దతాత పేరు నాగాలాండ్‌లో కోహిమా వార్ సిమెట్రీలో (యుద్ధంలో పోయిన సైనికుల శ్మశానం) ఉందని తెలిసి బయల్దేరాం. దిమాపూర్ దాకా విమానం, అక్కణ్ణించి కోహిమాకి టాక్సీ, మాకు 2,800 అయింది. ఇన్నర్ లైన్ పర్మిట్ (బయటివాళ్లు నాగాలాండ్‌లోకి వెళ్లడానికి కావాల్సిన అనుమతి) ఆన్‌లైన్లో ముందే తీసుకోండి. మొదటి రాత్రి లాడ్జి 1,900, వేడినీళ్లు లేవు, దుప్పటి తడి వాసన, నాన్నకి రాత్రంతా దగ్గు. పొద్దున్నే ఖాళీ చేసి 2,400కి ఒక హోమ్‌స్టేకి మారాం. ఆ ఇంటావిడ నాన్నని పొయ్యి పక్కన కూర్చోబెట్టి, పొగలో ఎండబెట్టిన పంది మాంసం వెదురు చిగుళ్లతో వండి, రాజా మిర్చి పచ్చడి వేసింది. కారం విషయంలో ఎవరికీ తలొగ్గని నాన్న రెండో ముద్దకే మజ్జిగ ఉందా అని అడిగారు, అయినా పచ్చడి వదల్లేదు. కోహిమా వెళితే హోటళ్లు మానేసి ఇలాంటి ఇళ్లలోనే దిగండి.

వార్ సిమెట్రీకి టికెట్ లేదు. 1944 ఏప్రిల్ నుంచి జూన్ దాకా యుద్ధం జరిగిన గారిసన్ హిల్ మీదే ఉంది. డిప్యూటీ కమిషనర్ బంగళా టెన్నిస్ కోర్టుకి ఇటు మనవాళ్లు, అటు జపానువాళ్లు, మధ్యలో ఆ కాస్త మైదానమే. ఆ కోర్టు గీతలు ఇప్పటికీ తెల్లగా కనబడతాయి. దహనం చేసిన హిందూ, సిక్కు సైనికుల స్మారకం అన్నిటికన్నా పైన ఉంది, 917 పేర్లు. మెట్లు చాలా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు తీరిగ్గా ఎక్కాలి. నాన్న మధ్యమధ్యలో ఆగినా చెయ్యి పట్టుకోనివ్వలేదు.

పేర్లు యూనిట్ల వారీగా ఉన్నాయి. పయనీర్ కోర్ కింద పెద్దతాత పేరు కనబడగానే నాన్న కండువాతో ఆ అక్షరాల మీద దుమ్ము తుడిచి, "మా నానమ్మ ఈయన వస్తాడనే చూసిందిరా చివరిదాకా" అన్నారు. అంతవరకు ఆ సంగతి నాకు తెలియదు. తర్వాత కిందకి రమ్మంటే రారే. చుట్టూ తెలుగువాళ్లవిలా కనబడ్డ పేర్లన్నీ నాతో ఫోన్లో ఫొటోలు తీయించారు. వాటిని ఒక్కొక్కటిగా సైట్లో కొట్టి ఊళ్లు రాసుకుంటున్నాం. మీ ఇంట్లో కూడా బర్మా వెళ్లి తిరిగి రానివాళ్లుంటే పేరు, ఊరు కింద రాయండి, మా ఫొటోల్లో ఉన్నారేమో చూసి చెబుతాను, డబ్బేమీ అక్కర్లేదు.