జాకింతోస్‌లో 'షిప్‌రెక్ బీచ్‌లో ఈత' అని టికెట్ అమ్మితే కొనకండి

గ్రీస్‌లోని జాకింతోస్ దీవికి వెళ్ళే ఆలోచనలో ఉన్నవాళ్ళు, ముఖ్యంగా జర్మనీ, యూకేల నుంచి పిల్లలతో వెళ్ళే మనవాళ్ళు, బోట్ టికెట్ కొనేముందు ఇది చదవండి.

షిప్‌రెక్ బీచ్ అని పిలిచే నవాజియో బీచ్ ఫోటో మీరు చూసే ఉంటారు. నిట్టనిలువు తెల్లటి కొండలు, 1980లో కొట్టుకొచ్చి ఇరుక్కుపోయిన తుప్పు పట్టిన ఓడ, ముందు నీలిమందు కలిపినట్టున్న నీళ్ళు. ఆ దీవిలోనే ఉన్న లాగనాస్ అనే ఊళ్ళో మేం టికెట్ కొన్న కౌంటర్ మీదా అదే ఫోటో, ఓడని ఆనుకుని జనం నిలబడి ఉన్నది. "అక్కడ గంటసేపు ఈత కొట్టొచ్చు, మాస్కులు, లైఫ్ జాకెట్లు అన్నీ మేమే ఇస్తాం" అన్నాడు టికెట్ అమ్మినవాడు. మనిషికి 40 యూరోలు, అదీ క్యాష్.

అసలు ఆ బీచ్‌లో 2023 నుంచి ఎవర్నీ దిగనివ్వడం లేదు. 2018లో కొండచరియ విరిగిపడి కొందరికి దెబ్బలు తగిలాయి, 2022 భూకంపం తర్వాత భయం ఇంకా పెరిగింది. పడవలు దూరం నుంచే చూపించి తిప్పేస్తాయి. ఆ నిషేధం సబబే, నాకు దాంతో పేచీ లేదు. మూసేసిన బీచ్‌ని పాత ఫోటోతో అమ్మడమే మోసం. ఈ సంగతి కూడా బోట్ సగం దూరం వెళ్ళాక మైకులో చెప్పారు!

దానికి బదులు బ్లూ కేవ్స్ అనే సముద్రపు గుహల దగ్గర ఈతకి ఆపారు. చోటు అద్భుతం, కాదనను. కానీ అక్కడ ఒడ్డు ఉండదు, నిచ్చెన దిగగానే కాలు ఆనని లోతు. పిల్లల సైజు లైఫ్ జాకెట్ ఒక్కటీ లేదు. ఏడేళ్ళ మా బాబుకి పెద్దవాళ్ళది తొడిగితే గడ్డం దాటి చెవుల దాకా లేచింది. వాణ్ణి నీళ్ళలోకి దింపలేదు. మాస్కులకి మళ్ళీ విడిగా డబ్బు. మధ్యాహ్నం గాలి లేచాక అలల కుదుపుకి మా అత్తగారికి ఒకటే వాంతులు.

దిగాక డబ్బు అడిగితే టికెట్ వెనక చిన్న అక్షరాలు చూపించాడు: రూటు కెప్టెన్ ఇష్టమట.

కాబట్టి డబ్బు ఇచ్చేముందే ఎక్కడ నీళ్ళలోకి దింపుతారో టికెట్ మీద రాయించుకోండి. లైఫ్ జాకెట్ ఉందంటే సరిపోదు, పిల్లాడికి తొడిగి చూడండి. కార్డుతోనే కట్టండి. రసీదు ఇవ్వకపోతే డబ్బు కట్టనక్కర్లేదని అక్కడ షాపుల్లో బోర్డులే ఉంటాయి, మొహమాటపడకుండా అడగండి. మాట తేడా వస్తే టూరిస్ట్ పోలీస్ నంబర్ 1571.

"తాబేళ్ళ పక్కనే ఈత" అనేవాళ్ళతోనూ జాగ్రత్త. లాగనాస్ తీరం కారెట్టా అనే సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టే మెరైన్ పార్క్ (రక్షిత సముద్ర ప్రాంతం), వాటిని తరమకూడదు, ముట్టుకోకూడదు.

నవాజియో చూడాలనుంటే కారులో పైకెళ్ళి కొండ మీది నుంచి చూడొచ్చు, కంచె మాత్రం దాటకండి. పిల్లలతో ఈతకైతే లాగనాస్ ఇసుక తీరమే నయం, చాలా దూరం వరకు లోతు ఉండదు.