లక్షమంది మధ్య ఐస్ హాకీ: యాన్ ఆర్బర్, కొలంబస్ గేమ్‌లకి వెళ్ళొచ్చాక

2025 మార్చి 1న మా అబ్బాయితో కలిసి కొలంబస్ వెళ్ళి, ఒహాయో స్టేడియంలో ఆ ఊరి జట్టు బ్లూ జాకెట్స్‌కీ డెట్రాయిట్ రెడ్ వింగ్స్‌కీ జరిగిన ఐస్ హాకీ గేమ్ చూసొచ్చాను. 94,751 మంది వచ్చారని ప్రకటించారు. ఎన్‌హెచ్‌ఎల్‌లో, అంటే అమెరికా, కెనడా జట్లు ఆడే పెద్ద ఐస్ హాకీ లీగ్‌లో, అప్పటిదాకా అంతకన్నా ఎక్కువ జనం వచ్చిన గేమ్ ఒక్కటే. 2014 జనవరి 1న యాన్ ఆర్బర్‌లోని మిషిగన్ స్టేడియంలో రెడ్ వింగ్స్, టొరంటో మేపుల్ లీఫ్స్ ఆడినప్పుడు 1,05,491 మంది వచ్చారు. నేను ఆ రోజు అక్కడా ఉన్నాను. ఇలాంటి గేమ్‌కి వెళ్ళాలా, వెళ్తే ఎక్కడ కూర్చోవాలి, ఎక్కడ దిగాలి అని తెలిసినవాళ్ళు అడుగుతుంటారు కాబట్టి రెండూ కలిపి రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు సీటు సంగతి. ఇవి అమెరికన్ ఫుట్‌బాల్ మైదానాలు. మధ్యలో 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పుతో రింక్ (ఆట ఆడే ఐస్ గచ్చు) వేస్తారు, దానికీ మొదటి వరసకీ మధ్య బోలెడంత ఖాళీ ఉంటుంది. క్రికెట్‌కి అలవాటుపడ్డ మనకి కింది వరసలే మంచివనిపిస్తుంది. 2014లో నేను అలాగే అనుకుని ఎక్కువ డబ్బు పెట్టి పన్నెండో వరసలో కొన్నాను. రింక్ చుట్టూ ఉండే గోడ మీదుగా హెల్మెట్లు మాత్రమే కదులుతూ కనిపించాయి. మూడంగుళాల పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళ) ఎక్కడుందో తెలియాలంటే పెద్ద స్క్రీనే దిక్కయింది. కొలంబస్‌లో పైనున్న సి డెక్‌లో తీసుకున్నాం. ధర తక్కువ, పైగా రింక్ మొత్తం క్యారమ్ బోర్డులా కళ్ళముందు పరిచినట్టుంది, ఎవరు ఎవరికి పాస్ ఇస్తున్నారో, డిఫెన్స్ ఎక్కడ వదులైందో మా వాడు నాకు చూపిస్తూనే ఉన్నాడు. వాడు మా ఊరు, మిషిగన్‌లోని నోవైలో ఆరేళ్ళుగా హాకీ ఆడుతున్నాడు, ఈ ఆట నాకు తెలిసిందంతా వాడి దగ్గర నేర్చుకున్నదే.

చలి మాత్రం యాన్ ఆర్బర్‌దే. మైనస్ పది డిగ్రీల చుట్టూ ఉంది, ఆట మొదలైన దగ్గర్నుంచీ మంచు కురుస్తూనే ఉంది, ఆట ఆగినప్పుడల్లా పనివాళ్ళు పారలతో వచ్చి ఐస్ మీద పేరుకున్న మంచు తోసేవాళ్ళు. గాలి ఒకే జట్టుకి కలిసిరాకూడదని మూడో పీరియడ్ (ఆటలో చివరి ఇరవై నిమిషాల భాగం) మధ్యలో జట్లు వైపులు మార్చుకున్నాయి. సగం స్టేడియం లీఫ్స్ నీలం రంగే, సరిహద్దు దాటి కెనడా నుంచి అంతమంది వచ్చారు. నా పక్కన కూర్చున్న టొరంటో పెద్దాయన తన దగ్గరున్న అట్టముక్క చింపి సగం నా కాళ్ళ కింద వేశాడు. కాంక్రీట్ చలి బూట్లలోంచి పైకి ఎక్కుతుంది, అట్ట ఉంటే ఆగుతుంది. ఇప్పుడు ఎవరు అడిగినా నేను చెప్పేది ఇదే: హ్యాండ్ వార్మర్లు సరే, అట్టముక్క మరిచిపోవద్దు. షూటౌట్‌లో (ఆట సమమైతే ఒక్కొక్కరే గోలీ మీదకి వెళ్ళి కొట్టే పద్ధతి) టొరంటో ఆటగాడు బోజాక్ గోల్ వేసి లీఫ్స్ 3-2తో గెలిచినప్పుడు ఆయన నన్ను పట్టుకుని ఊపేశాడు. నేను రెడ్ వింగ్స్ జెర్సీలో ఉన్నానన్న సంగతే పట్టించుకోలేదు.

జనం లెక్కల గురించి ఒక మాట. అదే మిషిగన్ స్టేడియంలో 2010 డిసెంబర్ 11న మిషిగన్, మిషిగన్ స్టేట్ యూనివర్సిటీల గేమ్‌కి 1,13,411 మంది వచ్చారని మొదట ప్రకటించారు, తర్వాత గిన్నిస్ వాళ్ళు ఒప్పుకున్నది 1,04,173. అందుకే రికార్డు అంకె వినగానే అది అమ్మిన టికెట్ల లెక్కా, గేటు దాటినవాళ్ళ లెక్కా అని చూసుకోవాలి.

యాన్ ఆర్బర్‌లో బయటపడటం నరకం. దగ్గరగా ఉందని ఎక్కువ డబ్బు కట్టి పార్క్ చేసిన చోటు నుంచి రోడ్డెక్కడానికి రెండు గంటలు పట్టింది. కొలంబస్‌లో ఆ తప్పు చెయ్యలేదు, ఒలెంటాంజీ నదికి అవతల పడమటివైపు కారు పెట్టి, లేన్ అవెన్యూ వంతెన మీదుగా ఇరవై అయిదు నిమిషాలు నడిచాం. తిరుగుదారిలో అరగంటలో హైవే మీద ఉన్నాం. టికెట్ల స్కానింగ్, దారి చూపించే వాలంటీర్లు, అన్నీ బాగున్నాయి. తిండి దగ్గరే ఒళ్ళు మండింది. ఒక స్టాల్‌లో హాట్ చాక్లెట్ కోసం దాదాపు ఒక పీరియడ్ అంతా లైన్లో నిలబడ్డాక, మా వంతు వచ్చినప్పుడు అయిపోయిందన్నారు. ముందే చెప్పి ఉంటే ఆ గోల్స్ చూసేవాళ్ళం కదా.

బస విషయానికొస్తే, అదే వారాంతం కొలంబస్‌లో ఆర్నాల్డ్ స్పోర్ట్స్ ఫెస్టివల్ కూడా ఉంది, ఊరి మధ్య హోటళ్ళు ముట్టుకునేలా లేవు. మేం కొలంబస్ శివార్లలోని డబ్లిన్‌లో మా తోడల్లుడి ఇంట్లో దిగాం. బంధువులు లేకపోయినా డబ్లిన్ వైపే గది చూసుకోండి, స్టేడియానికి కారులో ఇరవై నిమిషాలే, మన టిఫిన్ దొరికే చోట్లూ ఉన్నాయి. నోవై నుంచి టొలీడో మీదుగా మూడున్నర గంటల ప్రయాణం.

స్టేడియంలో ఎక్కడ చూసినా గాడ్రో పేరున్న 13 నంబర్ జెర్సీలే. బ్లూ జాకెట్స్ ఆటగాడు జానీ గాడ్రో, ఆయన తమ్ముడు మాథ్యూ 2024 ఆగస్టులో సైకిళ్ళ మీద వెళ్తుండగా కారు గుద్ది చనిపోయారు. బ్లూ జాకెట్స్‌కి ఆరుబయట ఇదే మొదటి గేమ్, అది జానీ చూడాల్సింది. మా వాడు రెడ్ వింగ్స్ అభిమాని అయినా, తన జట్టు 5-3తో ఓడిపోయాక లేచి నిలబడి బ్లూ జాకెట్స్‌కి చప్పట్లు కొట్టాడు.

డబ్లిన్ చేరేసరికి పది దాటింది. మా మరదలు చారు వేడిచేసి గ్లాసుల్లో పోసి ఉంచింది, గ్లవ్స్ విప్పకుండానే తాగాం.