మాత్రలా, వాచ్‌మన్ పరికరమా?

ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో, అంటే గుండె పై గదులు లయ తప్పి కొట్టుకునే జబ్బులో, అసలు భయం పక్షవాతం. గుండెలో పుట్టిన రక్తపు గడ్డ మెదడుకు చేరితే అది వస్తుంది. వాల్వు జబ్బు లేనివాళ్లలో గడ్డల్లో దాదాపు 90 శాతం పుట్టేది ఒకే చోట, గుండె ఎడమ పై గదికి అంటుకుని ఉండే చిన్న సంచిలో.

రక్తం గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ మాత్ర వేసుకునేవాళ్ల ఇంట్లో ఐఎన్‌ఆర్ (రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతోందో చూసే పరీక్ష) రిపోర్టు అంటేనే టెన్షన్. అంకె 2–3 మధ్య ఉండాలి. ఓ వారం తోటకూర, పాలకూర ఎక్కువైతే కిందికి జారుతుంది. (ఆకుకూరలు మానక్కర్లేదు, ఎప్పుడూ ఒకే మోతాదులో తింటే చాలు.) అపిక్సబాన్ లాంటి కొత్త మాత్రలకు ఈ బాధ లేదు. రక్తస్రావం భయం మాత్రం రెండింటికీ ఉంది.

వాచ్‌మన్ అంటే ఆ సంచి మూతిని మూసే పరికరం. దీనికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి 2015లో వచ్చింది. గజ్జల దగ్గరి సిరలోంచి గొట్టం పంపి, ముడిచిన గొడుగులాంటి నిటినాల్ లోహపు చట్రాన్ని సంచి మూతి దగ్గర విప్పుతారు. క్రమంగా దాని మీద కణజాలం పెరిగి మూత పడుతుంది. అప్పటిదాకా మందులు తప్పవు. పెట్టేటప్పుడు గుండె చుట్టూ రక్తం చేరే ప్రమాదం తక్కువే, కానీ ఉంది.

మాత్రలు పడేవాళ్లకు మాత్రలే ముందు అంటాను. కడుపులోనో మెదడులోనో రక్తస్రావం అయినవాళ్లు మాత్రం వాచ్‌మన్ గురించి కార్డియాలజిస్టును తప్పక అడగాలి. రుమాటిక్ జ్వరం వల్ల మైట్రల్ వాల్వు బాగా ఇరుకైనవాళ్లకు ఇది పనికిరాదు, వాళ్లకు వార్ఫరిన్ లాంటి పాత మాత్రలే.