నాలుగిళ్లకు ఒకే కంపోస్ట్ డ్రమ్ము: 160 లీటర్ల రెండు గదుల రకం సరిపోతుందా?

అపార్ట్‌మెంటులో ఇరుగుపొరుగు కలిసి తడి చెత్తను ఎరువు చేసుకుందామనుకుంటే ముందుగా కంటపడేది ఈ తిరిగే డ్రమ్మే. స్టాండు మీద అడ్డంగా బిగించిన ప్లాస్టిక్ డ్రమ్ము, మధ్యలో అడ్డుగోడ, రెండు జారుడు మూతలు. ఒక గది నిండేలోగా రెండోది మాగుతుందని అమ్మేవాళ్లు చెప్పే లెక్క. డ్రమ్ము మంచిదే కానీ, నాలుగిళ్లకు ఆ లెక్క కుదరదు.

ఇంటికి రోజుకు అరకిలో అనుకున్నా నాలుగిళ్లవి రెండు కిలోలు, అంటే సుమారు నాలుగు లీటర్లు. దానికి తోడు ఆరు లీటర్ల ఎండుటాకులు. లోపల గాలి ఆడాలి కాబట్టి 80 లీటర్ల గదిని 60 దాటనివ్వకూడదు. చెత్త కుంగుతూ ఉంటుంది గనుక రెండు వారాలు పడుతుంది నిండడానికి. మాగడానికేమో ఆరు నుంచి ఎనిమిది వారాలు కావాలి. నెల తిరిగేసరికి రెండు గదులూ నిండుగా ఉంటాయి, కొత్త బకెట్ ఎక్కడ వంపాలో తెలియదు. రెండిళ్లకైతే డ్రమ్ము ఒక్కటే దాదాపు సరిపోతుంది. నాలుగిళ్లయితే దాంతోపాటు 50 లీటర్ల మూత డబ్బాలు మూడు తీసుకోండి. పక్కలకూ అడుగునా 6 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి, మూత పెట్టిన గదిలో రెండు వారాలు ఉన్న సరుకును వాటిలోకి మార్చండి. ఒక్కో విడతకు ఒక్కో డబ్బా. నింపిన తేదీ సుద్దముక్కతో డబ్బా మీదే రాయాలి, లేకపోతే ఏది ముందో ఏది వెనకో ఎవరికీ గుర్తుండదు.

వాడకంలో అన్నిటికన్నా ముఖ్యం ఎండుటాకుల సంచి. డ్రమ్ము పక్కనే ఒక మగ్గుతో సహా వేలాడాలి. ఒక మగ్గు తడి చెత్త వేసినవాళ్లే మగ్గున్నర ఆకులు వేసి వెళ్లాలి. "తర్వాత ఎవరైనా వేస్తారులే" అనుకుంటే మూడో రోజుకే వాసన మొదలవుతుంది. ముక్కుకు ఘాటుగా అమోనియా తగిలితే నత్రజని ఎక్కువైనట్టు, ఆకులు పెంచాలి. కుళ్లిన గుడ్డు కంపు వస్తే లోపల గాలి ఆడనట్టు. అప్పుడు చిన్న అట్టముక్కలు కలిపి తిప్పాలి. పిడికిట్లో గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలే రాలాలి. ధారగా కారితే తిప్పినకొద్దీ చెత్త బంతుల్లా ఉండలు కడుతుంది, ఆ ఉండల నడిమి భాగం ఎన్నాళ్లున్నా పచ్చిగానే ఉంటుంది. చేత్తో చిదమడం తప్ప వేరే దారి లేదు.

వారానికి రెండు మూడు సార్లు, సారికి ఐదారు చుట్లు తిప్పితే చాలు. రోజూ తిప్పితే పుట్టిన వేడి పోతుంది. అసలే ఇంత చిన్న గదిలో 55 డిగ్రీలు వరుసగా మూడు రోజులు నిలవడం అరుదు. అందుకే తెగులు పట్టిన మొక్కలు, గింజపట్టిన కలుపు వేయొద్దు. మాంసం, నూనె, పాలు కూడా వద్దు. "కంపోస్టబుల్" అని రాసిన సంచుల్లో చాలావరకు పెద్ద ప్లాంట్ల వేడికి కరిగేవే, ఇందులో అలాగే మిగిలిపోతాయి. పండ్ల మీది స్టిక్కర్లు ఇంట్లోనే పీకేయండి.

తయారీ విషయానికొస్తే స్టాండు గట్టిదే. బలహీనత ఇరుసు బోల్టుల దగ్గర. నట్లు మరీ బిగిస్తే ప్లాస్టిక్ చిట్లుతుంది, వదులుగా వదిలేస్తే ఒక గదే నిండినప్పుడు బరువంతా అటు ఒరిగి డ్రమ్ము ఊగుతుంది. వెడల్పు వాషర్లు వేసి, నెలకోసారి సరిచూసుకోవాలి. జారుడు మూత గాడిలో తడి మట్టి చేరి ఇరుక్కుంటుంది, పాత టూత్‌బ్రష్‌తో తుడిస్తే సరి. కింద ఒక ట్రే పెట్టుకోండి. కారిన నీళ్లను కుండీల్లో పోయకుండా తిరిగి ఆకుల మీదే పోయాలి.

పంచుకునే ముందు ఒక పరీక్ష. గుప్పెడు తడి ఎరువును జిప్ కవర్లో మూసి మూడు రోజులు ఉంచి తెరవండి. మట్టి వాసన వస్తే కుండీలకు పంచొచ్చు, పులిసిన వాసన వస్తే మళ్లీ డబ్బాలోకే.