ట్రాక్ అవతల జరిగే ఆట: మన స్టేడియాలలో అంతర్జాతీయ ఫుట్‌బాల్ చూసిన అనుభవం

భారత జట్టు స్వదేశంలో ఆడే మ్యాచ్‌లను వీలైనప్పుడల్లా స్టేడియానికి వెళ్లి చూడటం నాకు 2008 నుంచీ అలవాటు. ఇన్నేళ్ల తరువాత ఈ దేశపు ఫుట్‌బాల్ స్టేడియాల మీద నాకు గట్టిగా మిగిలిన ఫిర్యాదు ఒక్కటే. అది మైదానానికీ ప్రేక్షకుడికీ మధ్య పరిచి ఉన్న ఎనిమిది లేన్ల రన్నింగ్ ట్రాక్. మరుగుదొడ్లు, పార్కింగు, గేటు దగ్గరి తనిఖీలు, నీళ్ల సీసా లోపలికి రానివ్వకపోవడం వంటి వాటి గురించి చాలామంది రాశారు, అవి ఏటికేడు కొంత మెరుగుపడుతున్నాయి కూడా. ట్రాక్ మాత్రం ఉన్నచోటనే ఉంటుంది.

కొలతలు వేసి చూస్తే నా కోపం అకారణం కాదని తెలుస్తుంది. ప్రామాణికమైన 400 మీటర్ల ట్రాక్‌లో తిన్నని భాగం 84.39 మీటర్లు, వంపు లోపలి వ్యాసార్ధం 36.5 మీటర్లు, ఒక్కో లేను వెడల్పు 1.22 మీటర్లు. దాని లోపల 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు గల ఫుట్‌బాల్ మైదానాన్ని అమరిస్తే, సైడ్‌లైను నుంచి ట్రాక్ వెలుపలి అంచుకు సుమారు 12 మీటర్లు వస్తుంది. అదే గోల్‌పోస్టు వెనుక దాదాపు 36 మీటర్లు అవుతుంది. అంటే పెనాల్టీ కొట్టేవాడికీ గోల్‌కీపర్‌కీ మధ్య ఉండే దూరానికి మూడింతల పైచిలుకు ఖాళీ జాగా దాటిన తరువాత గానీ కంచె రాదు, ఆ కంచె వెనుక ఎక్కడో మన మొదటి వరుస ఉంటుంది. ఇతర దేశాలలో అత్యంత వీరాభిమానులు పట్టుబట్టి కూర్చునే గోల్ వెనుక స్టాండు మన దగ్గర అన్నిటికన్నా చవక టికెట్టు కావడానికి ఇదీ ఒక కారణం.

ఇలా ఎందుకు కట్టారన్నది పెద్ద రహస్యమేమీ కాదు. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం 1982 ఆసియా క్రీడల కోసం వచ్చింది. బెంగళూరు కంఠీరవ 1997 జాతీయ క్రీడలకు, ఇంఫాల్‌లోని ఖుమాన్ లంపాక్ 1999 జాతీయ క్రీడలకు, మన గచ్చిబౌలి 2002 జాతీయ క్రీడలకు, గువాహటిలోని ఇందిరాగాంధీ అథ్లెటిక్ స్టేడియం 2007 జాతీయ క్రీడలకు సిద్ధమైనవే. ప్రభుత్వానికి డబ్బు ఖర్చు పెట్టే సందర్భం బహుళ క్రీడోత్సవమే కాబట్టి, ఫుట్‌బాల్ ఎప్పుడూ అథ్లెటిక్స్ ఇంట్లో అద్దెకు దిగినట్లే దిగింది. కొచ్చి, నవీ ముంబై స్టేడియాలలో ట్రాక్ బెడద లేకపోయినా అవి క్రికెట్‌కు పనికివచ్చేలా గుండ్రంగా ఉంటాయి కనుక మూలల్లో కూర్చున్నవారి గతి పెద్దగా మారదు.

నా కోపం ముదిరిన సాయంత్రం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. స్టేడియం పేరు చెప్పను. ఒక అంతర్జాతీయ మ్యాచ్‌కు ఆలస్యంగా టికెట్టు దొరికి గోల్ వెనుక కింది వరుసల్లో కూర్చోవలసి వచ్చింది. మైదానం అంచున నిలబెట్టిన ప్రకటనల బోర్డులు ఆటగాళ్ల మోకాళ్ల దాకా మరుగు చేస్తున్నాయి. నేల మీద దొర్లే బంతి పెనాల్టీ పెట్టెలోకి రాగానే మాయమయ్యేది, కాళ్ల కదలికను బట్టి అది ఎక్కడ ఉందో ఊహించుకోవలసి వచ్చేది. ట్రాక్ వంపు మీద అంబులెన్సు నిలిపి ఉంచారు కాబట్టి కుడివైపు కార్నర్ జెండా నాకు రెండు సగాలలోనూ కనబడలేదు. వామప్ చేసే సబ్‌స్టిట్యూట్లు, ఫొటోగ్రాఫర్లు, వాళ్లకు అడ్డం వచ్చే పోలీసులు సరిగ్గా మా ముందే గుమిగూడారు. తమ తప్పేమీ లేకపోయినా మా స్టాండు తిట్లన్నీ వాళ్లకే తగిలాయి.

రెండో సగంలో మా వైపు గోల్ ముందు తోపులాట జరిగింది, వల కదిలింది. పక్క స్టాండు ఒక్కసారిగా లేచింది, మేమూ లేచి అరిచాం, అపరిచితులను కౌగిలించుకున్నాం. కొన్ని క్షణాలకే పక్క స్టాండు కూర్చుంది. మేము ఇంకా నిలబడే ఉన్నాం, ఎందుకంటే విజిల్ మా దాకా వినిపించలేదు, పెద్ద తెర మా నెత్తి మీద, మా వెనుక ఉంది. చివరికి నా ముందు వరుసలోని కుర్రవాడు ఫోనులో ప్రసారం చూస్తూ, బంతి వల పక్కభాగానికి బయటి నుంచి తగిలిందని ప్రకటించాడు. ఆ ప్రసారం కూడా అర నిమిషం వెనుకబడి నడుస్తోంది. పెళ్లికి వెళ్లి పందిరి చివరి వరుసలో కూర్చుని, అక్షింతలు పైనుంచి పడ్డాకే తాళి కట్టారని తెలుసుకున్నట్లుంది మా పరిస్థితి, కాకపోతే ఇక్కడ తాళి కట్టనే లేదు. డబ్బిచ్చి లోపలికి వచ్చినవాడు ఆట సంగతిని ఇంట్లో కూర్చున్నవాడి కన్నా ఆలస్యంగా తెలుసుకోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

దీనికి పూర్తిగా విరుద్ధమైన అనుభవం 2018 జూన్‌లో ముంబైలోని ట్రాక్ లేని అంధేరీ ఫుట్‌బాల్ అరెనాలో ఎదురైంది. ఇంటర్‌కాంటినెంటల్ కప్‌లో చైనీస్ తైపీ (తైవాన్) మీద భారత్ 5-0తో గెలిచిన మ్యాచ్‌కు రెండున్నర వేల మంది మాత్రమే రావడంతో, మమ్మల్ని తిట్టడానికైనా స్టేడియానికి రండి అని అప్పటి భారత కెప్టెన్ సునీల్ ఛెత్రీ వీడియోలో అభ్యర్థించిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. కెన్యాతో జరిగిన తరువాతి మ్యాచ్ ఛెత్రీకి 100వది. టికెట్లన్నీ అమ్ముడుపోయాయి, వాన జోరుగా కురిసింది, భారత్ 3-0తో గెలిచింది, అందులో రెండు గోల్స్ ఛెత్రీవే. ఇవన్నీ ఎక్కడైనా చదువుకోవచ్చు. నన్ను కదిలించినది చదువుకోవడానికి దొరకనిది. తడి గడ్డి మీద బంతిని తన్నిన చప్పుడు నాకు వినిపించింది. రక్షణపంక్తిని ముందుకు జరగమని ఎవరో అరుస్తున్న మాట, బంతి తాకగానే నీళ్లు చిందిన తీరు, పెనాల్టీకి ముందు ఛెత్రీ తీసుకున్న చిన్న విరామం, అన్నీ చేతికందే దూరంలో ఉన్నాయి. అదే ఆటను అంతవరకు నేను చూస్తున్నానని భ్రమపడ్డానా అనిపించింది.

అయితే అంధేరీని ఆదర్శంగా నిలబెట్టే ముందు ఒక మాట ఒప్పుకోవాలి. అక్కడ పట్టేది ఎనిమిది తొమ్మిది వేల మంది. ఆ రోజు నేను వెచ్చించిన సొమ్ముకు దక్కిన ఆనందంలో కొంత భాగం టికెట్టు దొరకక బయట ఉండిపోయినవారు కోల్పోయినదే. పైగా అంత దగ్గరగా, అంత కిందుగా కూర్చుంటే జట్టు రూపం, మధ్యపంక్తి ఎంత వెడల్పున పరుచుకుంది వంటివి సరిగా తెలియవు. నేను వాటిని పట్టించుకోలేదు గానీ పట్టించుకునేవారు అక్కడ చిన్నబుచ్చుకునే అవకాశం ఉంది.

పెద్ద టోర్నమెంటు వచ్చినప్పుడు చిన్న మైదానాలు లెక్కలోకి రావు. 2017లో అండర్-17 ప్రపంచకప్‌కు ఢిల్లీ, కోల్‌కతా, కొచ్చి, మడ్గావ్, గువాహటి, నవీ ముంబై ఆతిథ్యమిచ్చాయి. వీటిలో మూడింటికి ట్రాక్ ఉంది, రెండు గుండ్రటివి. అయినా ఆ టోర్నమెంటుకు 13 లక్షల 47 వేలకు పైగా ప్రేక్షకులు వచ్చి, ఆ వయోవర్గపు ప్రపంచకప్‌లలో రికార్డు నెలకొల్పారు. వానకు గువాహటి మైదానం పాడైనందున బ్రెజిల్, ఇంగ్లండ్ సెమీఫైనల్‌ను చివరి నిమిషంలో కోల్‌కతాకు మార్చితే, అక్కడి సాల్ట్‌లేక్ స్టేడియానికి 60 వేల మందికి పైగా వచ్చేశారు. ట్రాక్ వల్ల జనం రారన్న వాదన నేను ఇదివరకు చేసేవాణ్ణి, ఆ సంఖ్యలు చూశాక ఆపేశాను. జనం వస్తారు, వచ్చి తక్కువ చూస్తారు, అంతే.

సాల్ట్‌లేక్ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే అది నా సిద్ధాంతానికి లొంగదు. 1997 ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌లో కోల్‌కతా క్లబ్బులు ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ తలపడినప్పుడు అక్కడ లక్షా ముప్పై వేల మందికి పైగా ఉన్నారు. విడి కుర్చీలు వేశాక ఆ సంఖ్య సగానికి తగ్గింది, ట్రాక్ అలాగే ఉంది. కానీ అక్కడ పైఅంతస్తులో సైడ్‌లైను వైపు కూర్చుంటే దూరం ఒక సౌకర్యంగా మారుతుంది. మైదానం మొత్తం పటంలా పరుచుకుని, వింగర్ పరుగు మొదలుపెట్టక ముందే అతనికి ఎదురయ్యే ఖాళీ కనబడుతుంది. 2024 జూన్ 6న కువైట్‌తో 0-0గా ముగిసిన ఛెత్రీ వీడ్కోలు మ్యాచ్‌లో గోల్ ఎందుకు రాలేదో ఆ ఎత్తు నుంచి నాకు చక్కగా అర్థమైంది. ఛెత్రీ ముఖం మాత్రం కనబడలేదు. మరుసటి ఏడాది ఆయన తిరిగి వచ్చి షిల్లాంగ్‌లో మాల్దీవుల మీద గోల్ కొట్టాడు కాబట్టి ఆ లోటు గురించి ఇప్పుడు పెద్దగా బాధ లేదు.

నాకు హ్రస్వదృష్టి ఉంది, అద్దాలు మందమైనవి, వానలో అవి మసకబారతాయి. పాటలు పాడటానికి, డప్పు కొట్టడానికి వెళ్లేవాణ్ణి కాను, ఆట చూడటానికి వెళ్లేవాణ్ణి. స్నేహితులతో వెళ్లి గొంతు చించుకునే ఇరవై ఏళ్ల కుర్రవాడికి గోల్ వెనుక చవక స్టాండే సరైనది కావచ్చు, అతనికి నా కొలతలతో పని లేదు. నా వంటివారికైతే ట్రాక్ ఉన్న స్టేడియంలో సైడ్‌లైను వైపు, ఎత్తైన వరుసలో టికెట్టు దొరికితే వెళ్లమని, దొరక్కపోతే టీవీ ముందు కూర్చోమని చెబుతాను. కెమెరా ఉండేది కూడా అక్కడే. 2024 నవంబరులో గచ్చిబౌలిలో మలేషియాతో 1-1గా ముగిసిన మ్యాచ్‌ను అలాంటి చోటు నుంచే చూశాను, కార్నర్ నుంచి వచ్చిన బంతికి భారత డిఫెండర్ రాహుల్ భేకే తల తగలడం స్పష్టంగా కనబడింది. ఆ టికెట్టు గోల్ వెనుక దాని కన్నా ఖరీదైనది, ఇంటి నుంచి స్టేడియానికి బస్సులో వెళ్లగలను కనుక ఆ తేడా నాకు భారం కాలేదు. రైలు, హోటలు ఖర్చులు కూడా పెట్టుకుని వేరే ఊరికి వెళ్లవలసి వస్తే మాత్రం, ముందు సీట్ల పటం చూసి, ట్రాక్ ఉందో లేదో తేల్చుకున్నాకే డబ్బు కడతాను.