మొలలని మందులిస్తూ పోయారు, తీరా చూస్తే పెద్దపేగు క్యాన్సర్. జాగ్రత్త!

మలంలో రక్తం పడుతోందని వెళ్తే ఏ పరీక్షా చేయకుండా "మొలలే" అని తేల్చేసే డాక్టర్ల దగ్గర జాగ్రత్తగా ఉండండి. మా నాన్నకి పెద్దపేగు క్యాన్సర్ అని పోయిన వారమే తెలిసింది. స్కాన్ చూసి మూడో స్టేజి అంటున్నారు. ఏడాదికి పైగా గుంటూరు కొత్తపేటలో ఒకే డాక్టర్‌కి చూపించాం. కేసు వేయబోతున్నాం కాబట్టి పేరు రాయడం లేదు.

నాన్నకి 62 ఏళ్లు. మొదట అప్పుడప్పుడూ రక్తం పడేది. తర్వాత కొన్నాళ్లు విరేచనాలు, కొన్నాళ్లు మలబద్ధకం. ఎప్పుడు వెళ్లినా అదే పూత మందు, అవే ఐరన్ మాత్రలు. హిమోగ్లోబిన్ 7.4కి పడిపోయిన రిపోర్టు అమ్మ చూపిస్తే, "ఈ వయసులో మామూలేనమ్మా" అని ఒకరోజు చేర్చుకుని రక్తం ఎక్కించి పంపేశారు. ఆ వయసు మగవాళ్లకి ఐరన్ తగ్గి రక్తహీనత వస్తే లోపల ఎక్కడ రక్తం పోతోందో వెతకాలట. మొలలు ఉన్నా సరే కొలనోస్కోపీ (కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేయాలట. ఇది హైదరాబాద్‌లో డాక్టర్ రిపోర్టులు తిరగేస్తూనే చెప్పిన మాట. అక్కడ కొలనోస్కోపీ చేస్తే సిగ్మాయిడ్ (పెద్దపేగు చివరి వంపు) దగ్గర గొట్టం ముందుకు పోనంత గడ్డ ఉంది.

ఇదంతా ఒక ఎత్తు. పాత కేస్ షీట్ కోసం వెళ్లినప్పుడు జరిగింది ఒక ఎత్తు.

రాతపూర్వకంగా అడిగాకే జిరాక్స్ ఇచ్చారు. రెండో పేజీలో రెండు లైన్ల మధ్య ఇరికించి, చిన్న అక్షరాలతో ఒక వాక్యం ఉంది: "కొలనోస్కోపీ చేయించుకోమన్నాం, పేషెంట్ వద్దన్నారు." నాన్న అది చదివి "నన్ను ఎప్పుడడిగారమ్మా?" అన్నారు. రక్తం ఎక్కించి పంపినప్పుడు మాకిచ్చిన డిశ్చార్జ్ సమ్మరీలో కొలనోస్కోపీ అన్న మాటే లేదు. రెండు కాగితాలూ డాక్టర్ ముందు పెట్టి అడిగాను. కాగితాల వంక చూడకుండానే "రాసుందిగా మేడమ్, మీ నాన్నగారే మర్చిపోయుంటారు" అని బెల్ కొట్టి తర్వాతి పేషెంట్‌ని పిలిచారు. నాన్న అక్కడే, ఆయన ఎదురుగానే కూర్చుని ఉన్నారు. జబ్బు కనిపెట్టలేకపోయారు సరే, ఆ తప్పు జబ్బు మనిషి నెత్తిన రుద్దుతారా? నాకు చేతులు వణికాయి. ఇప్పుడు రాస్తుంటే కూడా వణుకుతున్నాయి.

ఇంట్లో ఎవరికైనా రక్తం పడటం ఆగకపోయినా, మల విసర్జన తీరు మారినా, కారణం తెలియకుండా రక్తం తగ్గినా గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి వెళ్లి కొలనోస్కోపీ గురించి నోరు తెరిచి అడగండి. ప్రతి చీటీ దాచుకోండి, మాకు ఇప్పుడు ఆ సమ్మరీ ఒక్కటే ఆధారం. కేస్ షీట్ అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లోనే ఉంది. డబ్బు కట్టి చేయించుకున్న వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రెండేళ్లే గడువు. నాన్న ఆపరేషన్ కాగానే మేం వేస్తున్నాం. ఇదే డాక్టర్ దగ్గర ఇలాంటిదే ఎవరికైనా జరిగి ఉంటే నాకు మెసేజ్ పెట్టండి.